వాక్పారుష్యం: మాటకు దండమెంత?

ఒంటికన్ను గలవానిని నలుగురిలో 'ఒంటికన్నువాడా' అని పిలిచినవానికి కౌటిల్యుడు 3 పణాల దండం విధించాడు. రెండు కన్నులూ చక్కగా ఉన్నవానిని అలా పిలిస్తే 6 పణాలు. ఇక ఒంటికన్నువాని ఎదుటనే నిలబడి, అతని నేత్రసౌందర్యాన్ని కొనియాడుతున్నట్లు నటించి నవ్వినవానికి 12 పణాలు. అర్థశాస్త్రంలో మూడవ అధికరణమైన ధర్మస్థీయంలో, పద్దెనిమిదవ అధ్యాయంలో ఈ లెక్క ఉన్నది. ఆ ప్రకరణానికి వాక్పారుష్యమని పేరు.

ఈ మూడు అంకెలను కాస్త నిదానంగా పరిశీలించాలి. చెప్పినది సత్యమే అయినా దండం తప్పలేదు. అసత్యమైతే దండం రెట్టింపైనది. పైకి ప్రశంసగా కనిపించి లోపల నిందను దాచుకున్న మాటకు, సత్యమైన నిందకంటే నాలుగు రెట్లు శిక్ష పడినది. పదాలను మాత్రమే తూచే న్యాయాధిపతికి మూడవ వాక్యంలో దోషమే కనిపించదు. అందులో ఉన్నవన్నీ మంచి మాటలే. కౌటిల్యుడు తూచినది పదాన్ని కాదు, పదం వెనుక ఉన్న వివక్షను. వివక్ష అనగా వక్త చెప్పదలచినది. నేటి వ్యవహారంలో ఈ శబ్దానికి వేరొక అర్థం స్థిరపడినది గనుక ఈ వివరణ అవసరమైనది.

ఫేస్‌బుక్‌లోనో, యూట్యూబ్‌లోనో, ఎక్స్‌లోనో ఒక రాజకీయ నాయకుని ప్రసంగం క్రింద వచ్చే వ్యాఖ్యలను చదివేవారికి ఈ ప్రకరణం ప్రాచీనమని తోచదు. 'ఇది సభ్యమైన వ్యాఖ్యా, అసభ్యమైనదా' అన్న ప్రశ్నను నేడు న్యాయస్థానాలు, సామాజిక మాధ్యమ సంస్థలు, విశ్వవిద్యాలయ పరిశోధకులు, చివరకు కృత్రిమ మేధ యంత్రాలు కూడా వేసుకొంటున్నాయి. ఆ ప్రశ్నకు మన దేశంలో సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. శాస్త్రకారులు దానిని ఒకే చోట విచారించక వేర్వేరు చోట్ల విచారించారు. ఆ విభాగం ఎందుకు చేశారో గ్రహిస్తే నేటి గందరగోళంలో కొంత స్పష్టత కలుగుతుంది.

మొదట ధర్మస్థీయం సంగతి. అర్థశాస్త్రం శతాబ్దాలపాటు ఉల్లేఖనాలలోనే తప్ప విద్వాంసుల కంట పడలేదు. 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయానికి చేరిన తాళపత్ర ప్రతిని రుద్రపట్న శామశాస్త్రి గుర్తించి 1909లో ముద్రింపించారు. అందులో వాక్పారుష్యం మూడు విధాలు: ఉపవాదం, కుత్సనం, అభిభర్త్సనం. లోపాన్ని ఎత్తి చూపడం మొదటిది, ఏవగింపుగా దూషించడం రెండవది, బెదిరించడం మూడవది. దేనిని పట్టుకొని దూషించారన్నది మరొక విభాగం. శరీరం, ప్రకృతి, శ్రుతం, వృత్తి, జనపదం అని అయిదు విషయాలను చెప్పాడు. వాక్కుతో జీవించేవారి విద్యను పరిహసించడం, చేతిపనివారి, నటుల జీవనోపాధిని అవమానించడం, గాంధారాది దేశాల పేరెత్తి ఆ దేశస్థులను నిందించడం, ఇవన్నీ వ్యవహారానికి తగిన అపరాధాలే. ఒక జిల్లా పేరునో, ఒక కులవృత్తినో తిట్టుగా వాడే నేటి రాజకీయ వ్యాఖ్యాతలను ఆ ధర్మస్థుని ముందు నిలబెడితే ఒక్కపూటలో బొక్కసం నిండేది.

బెదిరింపు విషయంలో ఆయన చూపిన సూక్ష్మదృష్టి మరింత ఆశ్చర్యకరం. 'నిన్ను ఇలా చేస్తాను' అని చెప్పి చేయనివాడు, చేసినవానికి పడే దండంలో సగం చెల్లించాలి. హాని చేయగల శక్తి లేనివాడు కోపం చేతనో, మత్తు చేతనో, మోహం చేతనో అన్నానని చెప్పుకొంటే 12 పణాలతో సరి. అదే మాటను పాతవైరం ఉండి, హాని చేయగల శక్తి కూడా ఉన్నవాడు అన్నప్పుడు, బ్రతికినంతకాలం సత్ప్రవర్తనకు పూచీ ఇవ్వవలసి ఉంటుంది. రెండు సందర్భాలలోనూ నోటి నుండి వెలువడినది ఒకే వాక్యం. అన్నవాడెవడు, అతనికి ఉన్న బలమెంత, పూర్వకథ ఏమిటి అన్నవి తెలియకుండా తీర్పు లేదు. అనామకంగా బెదిరించే ఖాతాదారుడు ఇంటి అరుగు మీద కూర్చొన్న నిరుద్యోగియో, వెనుక పదిమంది అనుచరులున్న స్థానిక నాయకుడో తెలియనిదే ఈ కొలత పనిచేయదు. సామాజిక మాధ్యమంలోని మొదటి చిక్కు ఇదే.

ఇక్కడ ఒక సత్యాన్ని దాచరాదు. ఈ దండవ్యవస్థ వర్ణతారతమ్యాన్ని అనుసరించినది. పైవారిని దూషిస్తే రెట్టింపు, క్రిందివారిని దూషిస్తే సగం. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో శూద్రుని దూషణకు చెప్పిన శిక్షలు నేటి మనస్సాక్షికి భయంకరమైనవి. వాటిని సమర్థించే ప్రయత్నాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. అవి నాకు రుచించవు. 'సభ్యత' అన్న కొలబద్ద బలవంతుని చేతిలో పడితే బలహీనుని నోరు మూయించే సాధనమవుతుందన్న నిజానికి మన శాస్త్రచరిత్రయే సాక్ష్యమిస్తున్నది. ఆ పాఠం కూడా అదే పుటలలో ఉన్నది.

నారదస్మృతి వాక్పారుష్యాన్ని మరొక రీతిగా విభజించినది: నిష్ఠురం, అశ్లీలం, తీవ్రం. చేదుగా ఆక్షేపించడం నిష్ఠురం. సిగ్గుమాలిన మాట అశ్లీలం. మహాపాతకాన్ని అంటగట్టడం తీవ్రం. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్యానం రచించి ఈ విషయాలను విస్తరించాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కనసోమయాజికి అంతేవాసియైన మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగుభాషలో ధర్మశాస్త్రానికి అదే ఆదిమ గ్రంథమని పండితులు పరిగణిస్తారు. దశకుమారచరిత్ర వంటి కథాకావ్యాన్ని వ్రాసిన చేతితోనే ఋణాలు, సాక్ష్యాలు, తగవుల విచారణను కూడా పద్యబద్ధం చేశాడంటే, తగవు తీర్చే పెద్దలకు వారి భాషలోనే శాస్త్రం అందాలన్న సంకల్పం ఆనాడే ఉన్నదని అర్థమవుతుంది.

ఇంతవరకు చెప్పినది గాయపరిచే మాటకు సంబంధించిన విచారణ. వాదంలో తప్పుడు మాటకు విచారణ వేరే సభలో జరిగేది. అది న్యాయదర్శనం అధీనంలోనిది.

గౌతమమహర్షి న్యాయసూత్రాలు పరిగణించిన 16 పదార్థాలలో వాదం, జల్పం, వితండ అనే మూడు ఉన్నాయి. ప్రమాణతర్కాలతో, తత్త్వనిర్ణయమే ఫలంగా సాగేది వాదం. గెలుపు కోసం ఛలాన్ని, జాతులను, నిగ్రహస్థానాలను కూడా ఆయుధాలుగా వాడేది జల్పం. స్వపక్షమంటూ దేనినీ స్థాపించకుండా ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకొన్నది వితండ. తెలుగువారి నిత్యవ్యవహారంలో 'వితండవాదం' అన్న మాట ఇక్కడి నుండి వచ్చినదే, అయితే మూలంలో అవి రెండు వేర్వేరు వస్తువులు.

ఓటమికి కారణమయ్యే నిగ్రహస్థానాలు 22. వాటిలో కొన్నింటిని చదివితే నిన్నటి వ్యాఖ్యల వరుసను చూచి వ్రాశారా అనిపిస్తుంది. తన ప్రతిజ్ఞ నిలవదని తెలియగానే మరొక ప్రతిజ్ఞకు జారుకోవడం ప్రతిజ్ఞాంతరం. ప్రస్తుతాన్ని విడిచి సంబంధంలేని విషయాన్ని ఎత్తుకోవడం అర్థాంతరం. పని ఉన్నదని నెపం చెప్పి మధ్యలో లేచిపోవడం విక్షేపం. ప్రతివాది మూడుసార్లు చెప్పి, సభకు కూడా అర్థమైన మాటను తిరిగి అనువదించి చెప్పలేకపోవడం అననుభాషణం. తనపై వచ్చిన దోషాన్ని తొలగించుకోకుండా 'ఆ దోషం నీకూ ఉన్నది కదా' అని తిప్పికొట్టడం మతానుజ్ఞ. మా ప్రభుత్వంలో అవినీతి ఉన్నదంటావా, మీ ప్రభుత్వంలో లేదా, అన్న సమాధానం మన రాజకీయ చర్చలలో ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. అలా అన్న క్షణంలోనే తన దోషాన్ని అంగీకరించినట్లైనది, ఓడినట్లైనది అని నైయాయికులు తీర్పు చెప్పారు. అందుకే దానికి అనుజ్ఞ, అనగా అంగీకారం, అని పేరు పెట్టారు.

ఈ 22లో 'తిట్టుట' అనే నిగ్రహస్థానం లేదు. ఇది ఏమరుపాటున జరిగినదని నేననుకోను. తిట్టినవాడు వాదంలో ఓడినట్లు కాదు. అతని హేతువు నిర్దుష్టమైతే అది నిలుస్తుంది, తిట్టు మాత్రం ధర్మస్థుని దగ్గర విచారణకు వెళుతుంది. అట్లే, ఎంతో మృదువుగా, బహువచనంతో, నమస్కారపూర్వకంగా మాట్లాడినవాడు అర్థాంతరానికి పాల్పడితే వాదసభలో అతనికి మర్యాద మార్కులు లభించవు. మర్యాదకు ఒక సభ, యుక్తికి ఒక సభ. నేడు ఒక వ్యాఖ్యను 'అసభ్యం' అని తొలగించేటప్పుడు ఈ రెండు నేరాలూ తరచుగా ఒకే పాత్రలో కలిసిపోతున్నాయి. తిట్టు లేదు గనుక అబద్ధం నిలిచిపోతున్నది. తిట్టు ఉన్నది గనుక ప్రశ్న తుడిచిపెట్టుకుపోతున్నది.

జల్పవితండలను గౌతముడు పూర్తిగా నిషేధించలేదు. విత్తనం మొలకెత్తినచోట ముళ్ళకంచె ఎలా అవసరమో, తత్త్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి అవి అలా అవసరమని నాలుగవ అధ్యాయం చివర చెప్పాడు. కంచె నాటినవాడు మొలకను మరచిపోతే పొలమంతా ముళ్ళే మిగులుతాయన్నది మాత్రం సూత్రంలో లేని మాట, అది నేను చేర్చుకొన్నది.

వైద్యశాస్త్రంలో ఈ చర్చ కనిపించడం కొందరికి వింతగా తోచవచ్చు. చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో సంభాషణ రెండు విధాలని ఉన్నది. స్నేహపూర్వకమైనది సంధాయ సంభాష, కలహపూర్వకమైనది విగృహ్య సంభాష. రెండవదానికి దిగేముందు ఎదుటివాని బలాన్నే కాక సభను కూడా పరీక్షించుకోవాలని చరకుడు హెచ్చరించాడు. సభ జ్ఞానవంతమైనదా, మూఢమైనదా. మిత్రభావంతో ఉన్నదా, తటస్థమా, ముందే పక్షం పట్టినదా. పక్షం పట్టిన సభలో, అది పండితసభయే అయినా, ఎవరితోనూ జల్పించరాదన్నది ఆయన ఉపదేశం. కలహసంభాషణ కొందరిలో తీవ్రమైన ద్రోహబుద్ధిని రేపుతుందనీ, క్రుద్ధుడైనవానికి చేయరానిదీ అనరానిదీ ఉండదనీ ఆ సందర్భంలోనే చెప్పాడు. ఇంత చెప్పిన చరకుడే, శాస్త్రం చదవని ప్రత్యర్థిని సుదీర్ఘమైన సూత్రపాఠంతో ముంచెత్తమని కిటుకు కూడా నేర్పాడు. మహర్షులు లోకజ్ఞులు.

శంకరమండనుల వాదాన్ని మనమందరం భక్తితో తలచుకొంటాము. భర్తకు, యతీశ్వరునికి మధ్య మధ్యస్థురాలైన ఉభయభారతి ఇద్దరి కంఠాలలోనూ పూలమాలలు వేసి, ఎవరి మాల వాడితే వారు పరాజితులని నిర్ణయించినదన్న కథ సుప్రసిద్ధం. కోపం పుట్టినవాని దేహతాపానికి పూలు వాడుతాయని పెద్దలు దానిని అన్వయిస్తారు. అయితే ఈ కథకు ముందున్న ఘట్టాన్ని ప్రవచనాలలో త్వరగా దాటవేస్తారు. మాధవీయ శంకరవిజయం చెప్పిన ప్రకారం, శ్రాద్ధకర్మ జరుగుతున్న ఇంటికి సన్న్యాసి రావడం చూచి మండనమిశ్రుడు మండిపడ్డాడు. బోడితల గురించి, కంథ గురించి, యజ్ఞోపవీతం విడిచినందుకు వరుసగా ఎత్తిపొడిచాడు. శంకరులు ప్రతి మాటనూ శబ్దశ్లేషతో విరిచి తిప్పికొట్టారు. అది న్యాయశాస్త్రం చెప్పిన వాక్ఛలానికి చక్కని ఉదాహరణ. అక్కడ అతిథులుగా ఉన్న వ్యాసజైమినులలో వ్యాసుడు కల్పించుకొని వచ్చినవాడు అతిథి అని గుర్తుచేసేదాకా ఆ పరిహాసం సాగినది.

ఈ కావ్యం ఆచార్యులకు ఎన్నో శతాబ్దాల తర్వాతిది. కనుక దీనిని సమకాలీన సాక్ష్యంగా ఎవరూ గ్రహించరు. కానీ ఆ కావ్యాన్ని వ్రాసినవారు, చదివి పూజించినవారు, జగద్గురువు నోట శ్లేషాపరిహాసాన్ని పెట్టడానికి సంకోచించలేదు. గుమ్మం దగ్గరి మాట ఒకటి, పీఠం మీద కూర్చొన్న తర్వాతి మాట మరొకటి. పూలమాల రెండవదానికే. నేటి వేదికలలో గుమ్మానికీ పీఠానికీ మధ్య గోడ లేదు. ఒకే వ్యాఖ్యల వరుసలో ఒకడు స్నేహితుని ఆటపట్టిస్తాడు, ఒకడు బడ్జెట్‌ను విశ్లేషిస్తాడు, ఒకడు ప్రాణం తీస్తానంటాడు.

ఇక వర్తమానానికి వద్దాము. 2008లో సమాచార సాంకేతికతా చట్టానికి జరిగిన సవరణ ద్వారా 66ఏ అనే విభాగం చేరి 2009 అక్టోబరు నుండి అమలులోకి వచ్చినది. కంప్యూటరు ద్వారా పంపిన సందేశం 'తీవ్రంగా అభ్యంతరకరం' అయినా, తెలిసి తెలిసి అబద్ధమాడి ఇతరులకు చీకాకు, అసౌకర్యం, అవమానం వంటివి కలిగించినా మూడేళ్ళ వరకు కారాగారం. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణానంతరం ముంబయి స్తంభించిపోవడాన్ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో వ్రాసిన ఒక యువతిని, ఆ వ్యాఖ్యను మెచ్చుకొన్నట్లు గుర్తు పెట్టిన మరొక యువతిని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. ఆ ఉదంతం నేపథ్యంగా వేసిన శ్రేయా సింఘల్ వ్యాజ్యంలో 2015 మార్చి 24న సర్వోన్నత న్యాయస్థానం ఆ విభాగాన్ని కొట్టివేసినది. ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, మరొకరు తీర్పు వ్రాసిన జస్టిస్ రోహింటన్ నారిమన్.

ఆ తీర్పులో మన విషయానికి పనికివచ్చే అంశాలు రెండున్నాయి. చర్చ, సమర్థన, ప్రేరేపణ అని వాక్కును మూడు అంచెలుగా విడదీసి, మొదటి రెండూ ఎంత అప్రియమైనా వాక్స్వాతంత్ర్యానికి ప్రాణమనీ, మూడవదాని దగ్గరనే చట్టం అడ్డుపడవచ్చనీ చెప్పారు. ఇక రెండవది: ఒక బ్రిటిష్ వ్యాజ్యాన్ని ఉదాహరించారు. పార్లమెంటు సభ్యుని కార్యాలయానికి ఫోన్ చేసి జాతిదూషణలు చేసినవాని మాటలు 'తీవ్రంగా అభ్యంతరకరం' కావని క్రింది న్యాయస్థానం, దానిపై న్యాయస్థానం భావించగా, 2006లో ప్రభువుల సభ అవునని తేల్చినది. అదే మాటలు, అదే చట్టం, శిక్షణ పొందిన న్యాయకోవిదులు, పూర్తిగా విరుద్ధమైన తీర్పులు. న్యాయమూర్తుల గతియే ఇదైతే సామాన్య పౌరుడు ఏ గీత దాటరాదో ఎలా తెలుసుకొంటాడని సర్వోన్నత న్యాయస్థానం అడిగినది. దండం వేసేముందు అపరాధానికి నిర్వచనం ఇవ్వాలి. కౌటిల్యుని పద్ధతి వర్ణభేదం వల్ల అన్యాయమైనదే గాని అస్పష్టమైనది కాదు. 66ఏ విషయంలో ఆపాటి స్పష్టత కూడా లోపించినది.

పరిశోధకులు కూడా నిర్వచనంతోనే కుస్తీ పడ్డారు. అమెరికాలో ఆరిజోనా డైలీ స్టార్ పత్రిక జాలస్థలిలో మూడు వారాలలో వచ్చిన 6,400కు పైగా వ్యాఖ్యలను ముగ్గురు పండితులు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. తిట్టుపేర్లు పెట్టడం, అవహేళన, అబద్ధాలకోరని ముద్రవేయడం, అశ్లీలం, ఎదుటివాడు మాట్లాడే తీరును కించపరచడం అని అయిదు గుర్తులు పెట్టుకొన్నారు. ప్రతి అయిదు వ్యాఖ్యలలో ఒకదానికంటే ఎక్కువగా వీటిలో ఏదో ఒకటి కనిపించినది. తరచుగా వ్రాసేవారికంటే అరుదుగా వ్రాసేవారే ఎక్కువ అసభ్యంగా ఉన్నారని కూడా తేలినది. అప్పుడప్పుడు కోపం వచ్చినప్పుడే నోరు విప్పేవాడు ఎలా మాట్లాడుతాడో మన ఊరి రచ్చబండ ఎరిగినవారికి ఇది వింత కాదు. అంతకు పదేళ్ళ ముందు, 2004లో, జీజీ పాపాచరిస్సీ అనే పండితురాలు మరింత మౌలికమైన భేదాన్ని చూపారు. మర్యాద వేరు, పౌరసభ్యత వేరు. నోటి దురుసుతనం మర్యాదాలోపం మాత్రమే. ఎదుటివాని హక్కులను నిరాకరించడం, ఒక సమూహాన్నంతటినీ ఒకే మూసలో పోసి నిందించడం, ప్రజాస్వామ్యాన్నే బెదిరించడం పౌరసభ్యతకు భంగం. అత్యంత మర్యాదగా కూడా ఈ రెండవ పని చేయవచ్చు.

యంత్రాల సంగతి ఇంకా చిత్రం. 2017లో గూగుల్ అనుబంధ సంస్థ జిగ్‌సా 'పర్‌స్పెక్టివ్' అనే సాధనాన్ని విడుదల చేసినది. మనుషులు కొన్ని వ్యాఖ్యలకు అంకెలు వేసి నేర్పితే, మిగిలినవాటికి అది తానే విషశాతం కట్టి చెబుతుంది. అయితే నేర్పిన మనుషుల చెవి ఎటువంటిదో యంత్రం చెవి అటువంటిదే అవుతుంది. ఆఫ్రికన్ అమెరికన్ల మాండలికంలో ఉన్న ట్వీట్లను ఇటువంటి యంత్రాలు అకారణంగా అభ్యంతరకరమని ఎక్కువగా ముద్రవేస్తున్నాయని 2019లో ఒక పరిశోధన నిరూపించినది. వ్యాఖ్య ఏ మాండలికంలోనిదో ముందే తెలిపితే, అంకెలు వేసే మనుషులు అంతగా తప్పు పట్టలేదు.

ఈ మాట వినగానే తెలుగువాని మనస్సు తన భాషవైపు తిరుగుతుంది. వాడు, అతడు, ఆయన, వారు అని నాలుగు మెట్లు గల భాష మనది. ఎన్నో పల్లెలలో తండ్రిని, తాతను ఏకవచనంలోనే పలకరిస్తారు, అందులో అనాదరం లేదు. బాల్యమిత్రుల మధ్య 'ఒరే' అన్నది ఆలింగనం వంటిది. తెలంగాణ పలుకుబడి, రాయలసీమ యాస వినగానే మొరటుతనమని భావించే అలవాటును చలనచిత్రాలు చాలాకాలం పెంచి పోషించాయి. అటువంటి చెవి గలవాడు అంకెలు వేస్తే, రైతు వేసిన న్యాయమైన ప్రశ్న విషమవుతుంది. 'మహానుభావులు తమరికి మా బాధలు ఏం తెలుస్తాయి లెండి' అన్న వాక్యం మాత్రం తేనె అవుతుంది. కౌటిల్యుడు 12 పణాలు వేసినది సరిగ్గా ఆ రెండవదానికి.

మరి భక్తుల సంగతి ఏమిటి? భద్రాచల రామదాసు గోలకొండ చెరసాలలో తాను చేయించిన నగల పద్దు విప్పి రామచంద్రుని నిలదీశాడు. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో స్వామి పౌరుషాన్నే ప్రశ్నించాడు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవుని మీద శతకమంతా నిందాస్తుతిగా నడిపాడు. స్తుతి ముసుగులో నిందకు 12 పణాలైతే, నింద ముసుగులో స్తుతికి మోక్షమని మన వాఙ్మయం తీర్పు. అక్షరాలను లెక్కించే యంత్రానికి ఈ రెండూ తలక్రిందులుగా కనిపిస్తాయి.

భగవద్గీత పదిహేడవ అధ్యాయంలోని వాఙ్మయతపస్సును ఇటువంటి చర్చలలో తరచుగా ఉదాహరిస్తారు. ఉద్వేగం కలిగించనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన వాక్కు. అయితే దానిని తపస్సు అన్నారని మరువరాదు. తపస్సు తాను చేసేది, ఇతరులను కొట్టడానికి ఎత్తే కర్ర కాదు. అసభ్యుడని ఎదుటివానిని గద్దించడానికి ఆ శ్లోకాన్ని అంటించేవారు సామాజిక మాధ్యమంలో కోకొల్లలు.

మహాభారతం శాంతిపర్వంలోని సులభాజనక సంవాదం ఈ విషయమంతటికీ కిరీటం వంటిది. మోక్షధర్మపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన ఇతిహాసమిది. మిథిలాధిపతియైన జనకుడు రాజ్యం చేస్తూనే ముక్తుడైనాడని లోకంలో ప్రతీతి. అది నిజమో కాదో తెలుసుకోవాలని సులభ అనే భిక్షుకి వచ్చి యోగబలంతో అతని అంతరంగంలో ప్రవేశించినది. రాజు నిండుసభలో ఆమెను ప్రశ్నించాడు. నీవెవరిదానవు, నీ వర్ణమేది, గోత్రమేది, ఎవరి భార్యవు, నన్ను గెలవాలని వచ్చావా, శత్రురాజు పంపగా వచ్చావా, యౌవనంలో ఉన్న నీకు సన్న్యాసమేమిటి. మాటలు రాజోచితంగానే ఉన్నాయి, వాటిలో బూతు లేదు. ఆమె చెప్పవచ్చిన విషయాన్ని ముట్టకుండా ఆమె పుట్టుకను, శీలాన్ని, ఉద్దేశాన్ని ప్రశ్నించే మాటలవి. ఒక స్త్రీ రాజకీయాభిప్రాయం వ్రాసిన చోట క్రింద నేడు వచ్చే ప్రశ్నల పట్టికను దీని ప్రక్కన పెట్టి చూడండి.

అవమానంగా ధ్వనించే ఆ మాటలకు సులభ చలించలేదని వ్యాసుడు స్పష్టంగా చెప్పాడు. ఆమె వెంటనే తన గోత్రం చెప్పలేదు. ముందు వాక్యమంటే ఏమిటో చెప్పినది. సౌక్ష్మ్యం, సాంఖ్యం, క్రమం, నిర్ణయం, ప్రయోజనం అనే అయిదూ ఉన్నదే వాక్యం. కామం వలన గాని, క్రోధం వలన గాని, భయం, లోభం, దైన్యం, దర్పం వలన గాని తాను మాట్లాడబోవడం లేదని ప్రకటించినది. ఆపై అత్యంత విలువైన మాట ఒకటి చెప్పినది. వక్త, శ్రోత, వాక్యం అనే మూడూ వివక్షలో సమంగా కలిసినప్పుడే అర్థం ప్రకాశిస్తుందట. శ్రోతను లెక్కచేయక తన అర్థాన్నే చెప్పుకొనేవాని మాట నాటుకోదు. తన అర్థాన్ని విడిచి శ్రోతకు నచ్చినదే చెప్పేవాని మాట శంకకు పాత్రమవుతుంది. మొదటివానిని మనం దురుసువాడంటాము, రెండవవానిని మర్యాదస్థుడంటాము. సులభ దృష్టిలో ఇద్దరి వాక్కూ దోషయుక్తమే.

ఆ తర్వాత ఆమె మాటలను మర్యాదగా ఉన్నాయని ఎవరూ అనలేరు. భూతసంఘాతమైన దేహంలో 'నీవెవరు, ఎవరిదానవు' అన్న ప్రశ్నకు తావెక్కడిదని అడిగినది. ముక్తుడనని చెప్పుకొంటూ స్త్రీపురుష, వర్ణ, శత్రుమిత్ర భేదాలను పట్టుకొని ప్రశ్నించినవాడు ముక్తుడెలా అవుతాడని నిలదీసినది. స్వతంత్రుడనుకొనే రాజు నిద్రకు, స్నానానికి, భోజనానికి కూడా ఇతరులమీద ఆధారపడిన పరతంత్రుడేనని నిండుసభలో విప్పి చెప్పినది. నిగ్రహస్థానాల భాషలో చెప్పాలంటే ప్రతివాది మాటను పూర్తిగా అనువదించి, ప్రతి అంశానికీ సమాధానమిచ్చి, తన పక్షాన్ని స్థాపించినది. ఒక్క తిట్టు లేదు, ఒక్క ముఖస్తుతి లేదు. చివరగా తన వంశాన్ని కూడా చెప్పినది. ప్రధానుడనే రాజర్షి కులంలో పుట్టిన క్షత్రియకన్యను, తగిన భర్త లభించక మోక్షధర్మంలో శిక్షణ పొంది ఒంటరిగా సంచరిస్తున్నానని. అడిగిన ప్రశ్నకు సమాధానం దాచలేదు. ఆ ప్రశ్న అప్రస్తుతమని నిరూపించిన తర్వాత ఇచ్చినది.

హేతుయుక్తమూ అర్థవంతమూ అయిన ఈ మాటలు విని జనకుడు ఆపై ఏమీ పలుకలేదని చెప్పి భీష్ముడు ఈ ఇతిహాసాన్ని ముగించాడు. సమాధానం తోచకపోవడాన్ని నైయాయికులు అప్రతిభ అనే నిగ్రహస్థానంగా లెక్కిస్తారు. రాజు మౌనం అదేనా, లేక వక్త, శ్రోత, వాక్యం సమంగా కలిసిన క్షణమా అన్నది భీష్ముడు చెప్పలేదు, ధర్మరాజు అడగలేదు.